మౌస్ నొక్కులను యంత్రమునకు అప్పగించు విధానము

చేసిన పనినే మరల మరల చేయుట మూడు విధములుగా నుండును. మొదటిది అభ్యాసము. పలకపై అక్షరములు దిద్దు బాలుడు ఒక అక్షరమును నూరుమారులు దిద్దినను ఆ నూరును వృథా కావు. ప్రతి ఆవృత్తియు వాని వ్రేళ్లలో కొంత నేర్పును నిలిపి పోవును. ఎక్కములు వల్లెవేయుట, పద్యము కంఠస్థము చేయుట ఈ కోవలోనివే. తిరుత్తణి కొండపై నున్న సుబ్రహ్మణ్యస్వామి సన్నిధికి 365 మెట్లు కలవు; సంవత్సరమునకు ఎన్ని దినములో అన్ని మెట్లని పెద్దలు చెప్పుదురు. ఏటేట డిసెంబరు 31వ తేదీన భజన బృందములు మెట్టుమెట్టున నిలిచి పాడుచు ఎక్కుదురు. వాహనములు పైకి పోవుటకు బాట యున్నను ఆనాడు వారు దానిని కోరరు, ఏలయన ఎక్కుటయే అచట ఫలము.

రెండవది సాక్ష్యము. తరగతిలో ఒక్కొక్క పేరు పిలిచి హాజరు వేయుట, మూల్యాంకనము చేసిన ప్రతి జవాబుపత్రముపై సంతకము చేయుట ఇట్టివి. చేయి ఒకే విధముగా కదలినను ప్రతి గుర్తు వెనుకను "ఇది చూడబడినది" అను మాట యున్నది. మూడవది కేవల శ్రమ. నూరు కాగితములపై ఒకే ముద్ర వేయుట, రెండువందల చిత్రములను ఒక్కొక్కటిగా త్రిప్పి భద్రపరచుట మొదలైనవి దీనికి ఉదాహరణములు. ఇందు చేయువానికి నేర్పు పెరుగదు. చూచి చెప్పవలసినదియు ఏమియు లేదు. కాలము మాత్రము కరగును, మణికట్టు నొచ్చును.

కంప్యూటరు ముందు కూర్చున్నవాడు నొక్కు మౌస్ నొక్కులలోను ఈ మూడు విధములును కలవు. మూడవ విధమగు నొక్కులను యంత్రమునకే అప్పగించుటకు నేడు సులభసాధనములు లభించుచున్నవి. వానిని అమర్చుకొను క్రమమును, వాడరాని తావులను తెలుపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ ప్రాంతమున దీని ఆవశ్యకత

తిరుత్తణి తాలూకా పూర్వము ఆంధ్రప్రదేశమున చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కర్ మధ్యవర్తిత్వము ననుసరించి 1959లో పార్లమెంటు చేసిన సరిహద్దుల మార్పు చట్టముచే, 1960 ఏప్రిల్ 1వ తేదీనుండి అది మద్రాసు రాష్ట్రమున, చెంగల్పట్టు జిల్లాలో చేరినది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడినప్పుడు అందు భాగమైనది. సరిహద్దు కదలినది గాని ఇండ్లలోని పుస్తకములు కదలలేదు. తాతలు చదివిన పెద్దబాలశిక్షలు, శతకములు, భజనకీర్తనల పుస్తకములు, నాటి పాఠ్యగ్రంథములు అటకలపై నింకను ఉన్న కుటుంబములు కలవు. ఆ కాగితము ఏటేటికి పెళుసెక్కుచున్నది. మరల అచ్చుకాని పుస్తకమునకు మిగిలిన ప్రతి శిథిలమైనచో, దానిని తిరిగి సంపాదించుట దుర్లభము.

ఇక బోధనకాలము మాట. 2006లో వచ్చిన తమిళ అధ్యయన చట్టము 2006-07 విద్యాసంవత్సరమున ఒకటవ తరగతితో ఆరంభమై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చినది. దానిచే తమిళము ప్రథమ భాషగా అందరును చదువవలసినదైనది. అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు చెప్పువారికి ఒక్కొక్క గంటయు విలువగలది. పుస్తకములను కాపాడు పనియు, పిల్లలకు దిద్దించు పనియు ఒకే చేతిపై పడినప్పుడు, ఆ చేతిని వట్టి నొక్కులతో అలయజేయుట తగదు.

ఈ పుస్తక రక్షణమునకు చిత్తూరు జిల్లాతోనే ఒక సంబంధము కలదు. ఆ జిల్లాలోని కాటూరున 1937లో జన్మించి, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొనిన దబ్బల రాజగోపాల రెడ్డి, రాజ్ రెడ్డి అను పేర లోకప్రసిద్ధుడు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆయన ప్రోత్సాహముతో సాగిన పదిలక్షల పుస్తకముల ప్రణాళికలో భాగముగా, మన దేశమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెలసినది. వేలకొలది తెలుగు పుస్తకములు అందు చేరెను. ఐతే అందలి పుట ఒక్కొక్కటి విడిచిత్రముగా నుండెను. మూడువందల పుటల పుస్తకము చూడగోరువాడు మూడువందల మారులు నొక్కవలసివచ్చెను. ఆ బాధ నెరిగిన ఔత్సాహికులు పుటలన్నిటిని వరుసగా తెచ్చి ఒకే పుస్తకముగా కూర్చు చిన్న ప్రోగ్రాములను వ్రాసిరి. తరువాతి కాలమున ఆ గ్రంథములలో పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవునకు చేరినవి. యంత్రమునకు నొక్కులను అప్పగించుటవలన చదువరులకు కలుగు మేలునకు ఇది మంచి నిదర్శనము.

నొక్కు అనగా నేమి

మౌస్‌ను డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బహిరంగముగా ప్రదర్శించెను. నాటినుండి నేటివరకు దాని పని ఒక్కటే: తెరపై ఒక చోటును చూపుట, అచట మీట నొక్కుట. మీట నొక్కగనే మౌస్ ఒక సంకేతమును కంప్యూటరునకు పంపును. విండోస్ వంటి నిర్వాహక వ్యవస్థ ఆ సంకేతమును "ఎడమ మీట ఈ స్థానమున క్రిందికి పోయినది" అను వార్తగా మార్చి, ఆ చోట నున్న ప్రోగ్రామునకు అందించును. వ్రేలు తీయగనే "మీట పైకి వచ్చినది" అను రెండవ వార్త పోవును. ఈ రెండు వార్తలును కలిసి ఒక నొక్కు.

ఈ వార్తను మౌసే పంపవలెనను నియమము లేదు. అనుమతి కల మరియొక సాఫ్ట్‌వేరు కూడ అట్టి వార్తనే వ్యవస్థకు అందింపగలదు. అందుకొను ప్రోగ్రాము సాధారణముగా ఆ భేదమును గుర్తింపక, తన పని తాను చేయును. స్వయముగా నొక్కు సాఫ్ట్‌వేరులన్నిటికిని మూలసూత్రము ఇదియే. వీనిని వాడుకలో ఆటో క్లికర్లందురు. ఇవి చూడవు, ఆలోచింపవు. చెప్పిన చోట, చెప్పిన వ్యవధికి, చెప్పినన్ని మారులు నొక్కును. వీని బలమును దౌర్బల్యమును ఈ ఒక్క వాక్యముననే కలవు.

మొదట విచారింపవలసినది

సాధనమును తెచ్చుకొనుటకు ముందు, అసలు ఆ నొక్కులు అవసరమా యని విచారింపవలెను. అడ్డముగా వచ్చిన రెండువందల చిత్రములను ఒక్కొక్కటిగా త్రిప్పువారు, అన్నిటిని ఒకేమారు ఎన్నుకొని త్రిప్పవచ్చునని తెలిసికొన్నచో పని రెండు నొక్కులతో ముగియును. నూరుమంది పేర్లతో నూరు యోగ్యతాపత్రములు సిద్ధము చేయుటకు వర్డ్‌లో మెయిల్ మెర్జ్ అను సదుపాయము కలదు. పేర్ల పట్టిక నొకమారు ఇచ్చిన చాలును. పుటలను స్కాను చేయుటకు నాప్స్2 అను ఉచిత సాఫ్ట్‌వేరులో, ఇన్ని సెకండ్లకొక పుట చొప్పున తనంత తానే స్కాను చేయు ఏర్పాటున్నది. నొక్కులను వేగముగా నొక్కించుటకంటె, నొక్కులే లేకుండ జేయుట ఉత్తమము. అట్టి ఉపాయము లేనప్పుడే ఆటో క్లికరు అవసరమగును.

అమరిక - ఒక ఉదాహరణము

ఒక ఉపాధ్యాయుని వద్ద 240 పుటల పాత పాఠ్యగ్రంథము కలదనుకొందము. స్కానరు పాతది, దాని వెంట వచ్చిన సాఫ్ట్‌వేరులో ప్రతి జంట పుటలకు "స్కాన్" అను బొత్తామును నొక్కవలెను, నాప్స్2 ఆ స్కానరును గుర్తింపలేదు. రెండు పుటలకొక స్కాను చొప్పున 120 నొక్కులు కావలెను. ప్రతి నొక్కునకును ఒక చేయి పుస్తకమును విడిచి మౌస్ కడకు పోవలసియుండును. పెళుసైన కాగితమును రెండు చేతులతో త్రిప్పుట మేలు కావున, నొక్కు పనిని యంత్రమునకిచ్చి చేతులు రెండింటిని పుస్తకమునకిచ్చుటయే ఉచితము.

ఇందులకు ఓపీ ఆటో క్లికర్ అను ఉచిత సాఫ్ట్‌వేరు చాలును. దాని విండోలో నాలుగు భాగములు ముఖ్యములు.

మొదటిది వ్యవధి. గంటలు, నిమిషములు, సెకండ్లు, మిల్లీసెకండ్లు అని నాలుగు గడులుండును. వేయి మిల్లీసెకండ్లు ఒక సెకండు. తొలుత తెరచినప్పుడు మిల్లీసెకండ్ల గడిలో 100 అని యుండును. దానిని మార్చకయే ఆరంభించినచో సెకండునకు పది నొక్కుల చొప్పున, 120 నొక్కులును పండ్రెండు సెకండ్లలో కురిసి స్కానరు స్తంభించును. కావున ముందుగా ఐదు స్కానులను చేతితో చేసి, గడియారము చూచి, వానిలో అన్నిటికంటె ఆలస్యమైనదానిని గుర్తింపవలెను. అది 12 సెకండ్లైనచో, పుట త్రిప్పుటకు 5, కాగితము సరిజేయుటకు 3 చేర్చి 20 సెకండ్లుగా నిర్ణయింపవచ్చును. సెకండ్ల గడిలో 20, మిల్లీసెకండ్ల గడిలో 0 ఉంచవలెను. సగటు కాలమును కాక గరిష్ఠ కాలమునే ప్రమాణముగా గొనుట ఈ పనిలో ముఖ్యసూత్రము; యంత్రము ఒక్కమారు ఆలసించినను తరువాతి నొక్కు వృథా యగును, లేదా తప్పుచోట పడును.

రెండవది నొక్కు విధము. ఎడమ మీట, ఒంటి నొక్కు అని యుంచవలెను. మూడవది ఎన్ని మారులను లెక్క. "ఆపువరకు" అని యుంచుట సులభమైనను, 120 అని నిర్దిష్టముగా నిచ్చుటయే క్షేమము. నాలుగవది స్థానము. "ప్రస్తుత స్థానము" అని యుంచినచో బాణపుగుర్తు ఎచట నున్న అచటనే నొక్కు పడును. "స్థానము ఎన్నుకొను" అను దానిని నొక్కి స్కాన్ బొత్తామును చూపినచో, ఆ చోటు సంఖ్యల రూపమున నిలిచిపోవును.

ఆరంభించుటకును ఆపుటకును ఎఫ్6 మీటయే. ఇరువది సెకండ్లకొక నొక్కు చొప్పున 120 స్కానులు 2,400 సెకండ్లలో, అనగా 40 నిమిషములలో ముగియును. కాలము మిక్కిలి తగ్గదు. కాని ఆ నలుబది నిమిషములును రెండు చేతులు పుస్తకమునే కాపాడుచుండును.

పరీక్షయు జాగ్రత్తలును

అసలు పనికి ముందు ఒక చిన్న పరీక్ష చేయవలెను. పెయింట్ అను చిత్రలేఖన ప్రోగ్రాము తెరచి, కుంచెను ఎన్నుకొని, వ్యవధి ఒక సెకండు, లెక్క పది, స్థానము "ప్రస్తుత స్థానము" అని యుంచి ఎఫ్6 నొక్కి, మౌస్‌ను మెల్లగా కదుపుచు పోవలెను. తెల్లని తెరపై పది చుక్కలు పడినచో అమరిక సరిగా నున్నట్లు. మరల ఆరంభించి నడుమ ఎఫ్6 నొక్కి, అది ఆగుచున్నదో లేదో చూడవలెను. ఆపు విధానము చేతికి అలవడక మునుపు పని ఆరంభింపరాదు.

నిలిపిన స్థానము తెరపైని సంఖ్యలే గాని బొత్తాము కాదు. స్కానరు విండోను కొంచెము జరిపినను, తెర పరిమాణమును మార్చినను, ఆ సంఖ్యల చోట మరియొకటి వచ్చును. యంత్రము దానినే నొక్కును. ఆ చోట "తొలగించు" అను బొత్తామున్నచో నష్టమెట్టిదో ఊహింపవచ్చును. కావున విండోను పూర్తి తెరకు విస్తరింపజేసి కదల్పక యుంచవలెను. నడుమ వచ్చు ప్రకటనల విండోలను ఆపివేయవలెను. తెర నిద్రపోవు ఏర్పాటును తాత్కాలికముగా తీసివేయవలెను. ముఖ్యమైన పత్రములకు వేరొకచోట ప్రతి నుంచుకొనవలెను.

కొన్ని ప్రోగ్రాములలో ఆటో క్లికరు ఎంత నొక్కినను ఫలముండదు. ఆ ప్రోగ్రాము నిర్వాహకుని అధికారముతో నడచుచు, క్లికరు సామాన్యాధికారముతో నడచుచున్నచో, తక్కువ అధికారము కలది ఎక్కువ అధికారము కలదానికి వార్త పంపకుండ విండోస్ అడ్డగించును. ఇది దోషము కాదు, రక్షణ. ఇట్టి సాఫ్ట్‌వేరుల పేర దొంగ ప్రతులును వ్యాపించియున్నవి కావున, మూలకర్తల స్థానమునుండియే తెచ్చుకొని, వైరస్ పరీక్ష చేయించి వాడవలెను. పాఠశాల కంప్యూటరైనచో ప్రధానోపాధ్యాయుని అనుమతి ముందుగా పొందవలెను.

పని ముగిసిన తరువాత 120 చిత్రములున్నవో లేవో లెక్కింపవలెను. కాని లెక్క సరిపోయినంత మాత్రమున పని సరియైనదని తలపరాదు. ఒక జంట పుటలు రెండుమారులు పడి, వేరొక జంట అతుకుకొని తప్పిపోయినను లెక్క 120 గనే యుండును. పుటసంఖ్యలను వరుసగా కంటితో చూచుటయే నిజమైన పరీక్ష.

ఆజ్ఞల వరుస

ప్రతి స్కాను తరువాత "ఇంకొక పుట కలదా" యని అడుగు సాఫ్ట్‌వేరులున్నవి. అపుడు ఒకే చోట నొక్కుట చాలదు. ఇచట నొక్కుము, వేచియుండుము, అచట నొక్కుము అను వరుస కావలెను. ఇందులకు ఆటోహాట్‌కీ అను ఉచిత సాధనము ప్రసిద్ధము. ఒక సామాన్య పాఠ్యపత్రమున ఆజ్ఞలను పంక్తికొకటిగా వ్రాసినచో అది వానిని పాటించును. 2022లో దాని రెండవ సంపుటము వెలువడినది. మొదటి సంపుటమునకై వ్రాసిన ఆజ్ఞలు పెక్కు దానియందు నడువవు కావున, నమూనాలను తీసికొనునపుడు అవి ఏ సంపుటమునకు చెందినవో చూచుకొనవలెను. తెలుగు అక్షరములు కల ఆజ్ఞాపత్రమును యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచవలెను. లేనిచో అక్షరములు చెదరవచ్చును.

దీనిలోని గొప్ప సౌకర్యము ఇంతసేపని కాక, ఫలానా విండో వచ్చువరకు వేచియుండుమని చెప్పగలుగుట. కాలమును నమ్ముటకంటె గుర్తును నమ్ముట మేలు. పైథాన్ భాష నేర్చినవారికి పైఆటోజీయూఐ అను సాధనము కలదు. అది అదుపు తప్పినపుడు మౌస్‌ను తెర మూలకు నెట్టినచో తనంత తానాగును. లినక్స్‌లో ఎక్స్‌డూటూల్ అనునది ఉపకరించును. కాని వేలాండ్ అను క్రొత్త తెర ఏర్పాటు గల లినక్సులలో అది చక్కగా పనిచేయదు. మాక్ కంప్యూటర్లలో ఇట్టి సాధనమునకు యాక్సెసిబిలిటీ అనుమతిని ప్రత్యేకముగా నీయవలెను.

ఆ అనుమతి పేరు గమనింపదగినది. అది అంగవైకల్యము గలవారి సౌకర్యమునకై ఏర్పడిన విభాగమునకు చెందినది. చేయి వణకు వృద్ధులకు, వ్రేళ్లు వంగనివారికి, బాణపుగుర్తును ఒకచోట కొంతసేపు నిలిపిన చాలును, నొక్కు తనంత తాను పడు ఏర్పాటు లినక్స్ గ్నోమ్‌లోను, మాక్‌లోను ఉన్నది. వారికి ఇది తీరిక కొరకు కాదు, చదువుటకే ఆధారము.

యంత్రము నొక్కరాని చోట్లు

సాక్ష్యరూపమగు నొక్కులను యంత్రమునకు అప్పగింపరాదు. దీనికి పుస్తక రక్షణముననే చక్కని ఉదాహరణ కలదు. 2005లో ఆరంభమైన తెలుగు వికీసోర్సున పాత పుస్తకపు పుటచిత్రము ఒకవైపునను, దాని పాఠము మరియొకవైపునను కనబడును. అక్షరములను గుర్తించు సాఫ్ట్‌వేరు ఇచ్చిన పాఠమును ఒకరు చిత్రముతో పోల్చి దిద్దిన పిమ్మట పుట పసుపు గుర్తును పొందును. వేరొకరు మరల చదివి ఆమోదించిన పిమ్మట ఆకుపచ్చ గుర్తును పొందును. ఈ రెండు గుర్తులను ఒకరే పెట్టుటకు వీలులేదు. ఆ గుర్తు పెట్టుట కూడ ఒక నొక్కే. వంద పుటలకు ఆ నొక్కును యంత్రముచే నొక్కించుట అసాధ్యము కాదు. కాని అపుడు ఆ ఆకుపచ్చ రంగు అబద్ధమగును. 'థ'కారము 'ధ'కారమైనను, వట్రసుడి జారిపోయినను చదివినవారు లేరు. చదివినట్లు ముద్ర మాత్రము నిలుచును. ఒకే పుస్తకమును స్కాను చేయు నొక్కు శ్రమ, దిద్దినానని చెప్పు నొక్కు సాక్ష్యము. ఈ భేదమును పాటించినంతవరకే యంత్రము మేలుచేయును.

హాజరు, మార్కులు, పరీక్షల నమోదులు ఈ రెండవ జాతిలోనివే. రైలు టికెట్ల విషయము మరియొకటి. వరుసలో నున్న సామాన్యునికంటె ముందుగా టికెట్లను చేజిక్కించుకొని అమ్ముటకై తత్కాల్ వేళలలో ఇట్టి సాఫ్ట్‌వేరులను వాడుచున్నవారు పట్టుబడుచునేయున్నారు. అనుమతి లేకుండ టికెట్ల వ్యాపారము చేయుట 1989 రైల్వే చట్టము 143వ సెక్షను ననుసరించి శిక్షార్హము. మూడేండ్ల వరకు కారాగారము, పదివేల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ఆ సెక్షను ఇంటర్నెట్ టికెట్లకును వర్తించునని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పుస్తకముల విషయమునను చట్టము నెరుగవలెను: మన దేశమున రచయిత మరణించిన ఏటి చివరనుండి అరువది సంవత్సరములవరకు గ్రంథస్వామ్యముండును. అట్టి గ్రంథములను హక్కుదారుల అనుమతి లేక లోకమునకు పంచిపెట్టరాదు.

ఇక మొదటి జాతియగు అభ్యాసము. పిల్లలు దిద్దవలసిన అక్షరములను, వ్రాయవలసిన చూచివ్రాతను యంత్రముచే వ్రాయించి నోటుపుస్తకమున అంటించుట నేడు కష్టము కాదు. కాని అందు నేర్చునది యంత్రమే గాని బాలుడు కాడు. తమిళ లిపి చుట్టును కనబడు ఊరిలో తెలుగు అక్షరము బాలుని చేతికి ఎక్కవలెనన్న, వాడు దానిని తన చేతితోనే పదిమారులు దిద్దవలెను. ప్రక్కన కూర్చుండి దిద్దించువారును ఒకరుండవలెను.

యంత్రము వలన మిగులు కాలము ఎచటికి పోవుచున్నదనునదే ఈ విషయమున చివరకు తేలవలసిన లెక్క. స్కాన్ బొత్తామును నొక్కు పని నుండి విడుదలయైన చేయి పాత పుటను నలుగకుండ త్రిప్పినచో, ఆ పుటలోని పాఠమును దిద్దినచో, ఒక బాలుని వ్రేలు పట్టి 'అ' దిద్దించినచో, ఆ సాధనమును నేర్చుకొనిన శ్రమ సార్థకము.